ఎర్రగీత పడని పేర్లు

సర్టిఫికెట్ల పరిశీలనకు తెమ్మన్న కాగితాలు తొమ్మిది. నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసుకుని, దొరికినదానికల్లా టిక్కు పెడుతూ వచ్చాను. సూర్యాపేటలో నేను కిరాయికుండే గదిలో మంచం మీద అన్నీ వరసగా పరిచి చూసుకుంటే ఎనిమిది పూర్తిగా ఉన్నాయి. తొమ్మిదోది సగమే ఉంది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివానో చెప్పే బోనఫైడ్ అది. ఆరు, ఏడు సూర్యాపేటలో చదివాను. ఐదూ, నాలుగులో రెండో సగమూ మిర్యాలగూడలో. ఆ బళ్ళ కాగితాలు వచ్చేశాయి. రావాల్సింది మొదటి మూడు తరగతులదీ, నాలుగులో మొదటి సగానిదీ. అవి లేకపోతే నేను ఈ జిల్లావాడినని రుజువు కాదు. రుజువు కాకపోతే చేతికొచ్చిన ఇంజనీరింగ్ శాఖ ఉద్యోగం పోతుంది.

ఆ మూడున్నరేళ్ళు నేను చదివింది కాలువ క్యాంపు ప్రాథమిక పాఠశాలలో. కోదాడ నుంచి నడిగూడెం వైపు పోయే దారిలో, కాలువ తవ్వే రోజుల్లో సిబ్బంది కోసం కట్టిన క్వార్టర్ల కాలనీని క్యాంపు అంటారు. ఆ బడికి ఉన్నది ఒక్కరే సార్. ఆయన నంబరు నా ఫోనులో ఐదేళ్ళుగా ఉంది. ఒక్కసారీ చేయలేదు. ఆ రోజు చేశాను.

ఎవరో యువకుడు ఎత్తాడు.

“మామ పోయి ఏడు నెలలైతంది అన్నా. నేను మేనల్లుడిని, త్రిపురారం నుంచి మాట్లాడుతున్న. నంబరు మాత్రం తీసెయ్యొద్దన్నడు. పిల్లలు చేస్తరన్నడు.”

“చేశారా?”

“మీరే ఫస్టు.”

అతనే అన్నాడు: “బడి కాయిదాలు గిట్ల కావాల్నా? రిటైరయినంక అన్నీ కోదాడ పెద్దబడికి అప్పజెప్పిండు. గాడ అడుగుండ్రి.”

సార్ ఎట్లా పోయారని నేను అడగలేదు. ఫోను పెట్టాక అడగనందుకు ఒక మెసేజ్ రాశాను. చదువుకుని తుడిపేశాను.

క్యాంపులో ఆయన్ని పేరుతో పిలిచిన మనిషి నాకు గుర్తులేడు. పిల్లలం చాటుగా ‘చెప్పిపో సార్’ అనేవాళ్ళం. అఆల కంటే ముందు ఆయన నేర్పిన పాఠం అది. ఒంటికి పోవాలంటే చెప్పి పో. నీళ్ళు తాగాలంటే చెప్పి పో. కడుపునొప్పి వస్తే ఇంటికి పో, కానీ చెప్పి పో. ఆ నియమం ఆయనకూ ఉండేది. బడి ముందున్న బోరింగు దాకా పోవాలన్నా గుమ్మం దగ్గర ఆగి మా వైపు తిరిగేవారు. “నేను బోరింగు కాడికి పోయొస్త. చెప్తున్న.” మేం పెద్ద తరగతుల వాళ్ళం నవ్వేవాళ్ళం. ఒకటో తరగతి పిల్లలు మాత్రం “సరే సార్, పోండి” అని గంభీరంగా సెలవిచ్చేవాళ్ళు. ఆయన తల ఊపి, అప్పుడు కదిలేవారు.

కారణం కిటికీలోంచి కనబడుతూనే ఉండేది. బడి వెనక గోడ దాటితే గట్టు, గట్టు దాటితే కాలువ. ఎండాకాలంలో అడుగున బురద, పగిలిన సిమెంటు పలకలు తప్ప ఏమీ ఉండేవి కావు. నీళ్ళు వదిలిన నెలల్లో అంచు దాకా నిండేది. అంత పెద్ద కాలువ నిండుగా పారేటప్పుడు చప్పుడు చేయదు. అందులో ఏదైనా పడినా పక్కనున్నవాడికి తెలియదు.

ఆయన రూపం మొత్తంగా నాకు గుర్తు రాదు. విడివిడిగా వస్తుంది. గడియారం కుడిచేతికి, ముఖం లోపలివైపుకు తిప్పి. అంగీ జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఎర్రపెన్నుతో ఆయన మా తప్పులు దిద్దగా నేను చూడలేదు, దానికి పెన్సిలు వాడేవారు. పెదవికి తగలకుండా చెంబు ఎత్తి నీళ్ళు తాగేటప్పుడు కదిలే గొంతు. చెక్కతో చేసిన అడుగు స్కేలు, ఎప్పుడో పొయ్యి దగ్గర పెడితే ఒక చివర అంచు కాలి కొద్దిగా తరిగిపోయింది. ఆ స్కేలుతో ఎవరినీ కొట్టలేదని రాయలేను. నన్నే రెండుసార్లు కొట్టారు. రెండుసార్లూ చెప్పకుండా పోయినందుకే.

రోజుకు రెండుసార్లు హాజరు తీసేవారు. పొద్దున ప్రార్థన అయ్యాక ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకోసారి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పిలిచి తల ఎత్తేవారు. “ఉన్న సార్” అనే మాట రాకపోతే ఆయన కళ్ళు ముందు కిటికీ వైపు పోయేవి, తర్వాత మా వైపు వచ్చేవి.

“ఎటు పోయిండు?”

“వాళ్ళ అమ్మమ్మ ఊరికి సార్.”

“నీకెట్ల తెలుసు?”

“బస్సెక్కంగ సూసిన సార్.”

“నీ కండ్లతోని సూసినవా?”

“సూసిన సార్. వాని చేతిల బిస్కట్ పుడ గూడ ఉంది.”

అంత తేలితే గాని తర్వాతి పేరు పిలిచేవారు కాదు.

బడి వదిలి పోయేవాళ్ళకు ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. తల్లిదండ్రులు వచ్చి టీసీ అడిగితే చాలదు. పిల్లే రావాలి. పిల్లల పేర్లన్నీ చేరిన వరసలో ఉండే అడ్మిషన్ రిజిస్టరు బయటికి తీసి, ఆ పేజీ తెరిచి, స్కేలు పెట్టి, ఎర్రపెన్ను ఆ పిల్ల చేతికి ఇచ్చేవారు. “నీ పేరు మీద నువ్వే గీత కొట్టు.” పిల్ల నాలుక బయటపెట్టి, స్కేలు ఒత్తి పట్టుకుని గీత గీసేది. స్కేలు కాలిన చోటికి రాగానే గీత కొంచెం కిందికి దిగి మళ్ళీ పైకి లేచేది. ఆ రిజిస్టరులో ఉన్న ఎర్రగీతలన్నిటికీ చివర ఒకేచోట ఆ చిన్న వంపు ఉంటుంది.

“ఎటు పోతున్నవ్?”

“హైదరాబాద్ సార్.”

“మంచిది. పో.”

రిమార్కుల గడిని ఆయన పెన్సిలుతో నిలువుగా రెండు చేశారు. రెండో సగం పైన తన దస్తూరితో ‘ఎవరికి చెప్పిండు’ అని రాసుకున్నారు. పిల్ల గీత కొట్టాక ఆ సగంలో ‘నాకు’ అని రాసి, పక్కన చిన్న సంతకం పెట్టేవారు.

చెప్పకుండా పోయినవాళ్ళ పేర్లు ఆయన కొట్టేసేవారు కాదు. వాళ్ళనూ రోజుకు రెండుసార్లు పిలిచేవారు. అట్లా నేను ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచి సక్రి అనే పేరు వింటూ వచ్చాను, మనిషిని చూడలేదు. కాలువ అవతలి తండా పిల్ల అని, వాళ్ళు మిరప కోతకు ఎటో పోయారని పెద్ద తరగతుల వాళ్ళు చెప్పేవాళ్ళు. నేను రెండో తరగతిలో ఉండగా ఒక పొద్దున ఆ పేరు పిలిస్తే, “ఉన్న సార్” అని గుమ్మం దగ్గర నుంచి వినబడింది. అందరం తిరిగి చూశాం. సార్ చూడలేదు. టిక్కు పెట్టి తర్వాతి పేరు పిలిచారు. హాజరు అయిపోయాక రిజిస్టరు మూసి అప్పుడు అడిగారు.

“ఏమే, మిరపకాయ ఎట్లుంది ఈసారి?”

“మస్తు కారం సార్. కండ్లు మండుతయ్.”

“కూసో. నీ జాగ అట్లనే ఉంది.”

నిజంగానే ఉంది. మూడో వరసలో గోడ పక్కన ఒక మనిషి పట్టే జాగా ఎప్పుడూ ఖాళీగా ఎందుకుండేదో నాకు ఆ రోజు తెలిసింది.

మా నాన్న రైసుమిల్లు ఫిట్టరు. నేరేడుచర్లలో చేసేవాడు, మేం క్యాంపులో ఖాళీగా ఉన్న ఒక క్వార్టరులో కిరాయికి ఉండేవాళ్ళం. నా నాలుగో తరగతి సగంలో మిర్యాలగూడ మిల్లులో పని దొరికింది. అమ్మ నన్ను అక్కడ ఇంగ్లీషు మీడియంలో వేయాలని ముందే అనుకుంది.

“సార్‌కు చెప్పొస్తనమ్మా,” అన్నాను.

“చెప్తే ఇంటికొచ్చి కూసుంటడు. నడిమిట్ల బడి మార్చొద్దంటడు. మీ నాయన మెత్తటి మనిషి, తల ఊపుతడు. ఏం చెప్పకు. నోరు మూసుకొని లారీ ఎక్కు.”

అది ఆదివారం. లారీ వచ్చేదాకా నేను కాలువ మెట్ల మీద కూర్చుని నీళ్ళలోకి రాళ్ళు వేశాను. మా తరగతి పిల్లలు ఇద్దరు గట్టు మీద పోతూ నన్ను చూశారు. వాళ్ళకూ చెప్పలేదు. తర్వాత లారీ ఎక్కాను.

మిర్యాలగూడ బడివాళ్ళు టీసీ అడగలేదు. వాళ్ళకూ పిల్లలు కావాలి. అక్కడ హాజరు నంబర్లతో పిలిచేవారు. నాది ముప్పై ఎనిమిది. నేను రాని రోజు నా పక్కవాడు ‘ఎస్ టీచర్’ అంటే సరిపోయేది. చాలాకాలం అది నాకు సుఖంగానే ఉంది.

పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో, దోస్తు శ్రీను వాళ్ళ అక్క పెళ్ళి పిలుపులకని అతని బండి మీద కోదాడ వైపు పోయాను. క్యాంపు దగ్గర ఒంటికని ఆపించాను. క్వార్టర్లు సగం కూలిపోయి ఉన్నాయి. బడి మాత్రం సున్నం వేసి ఉంది. హాజరు సమయం. గోడ వెనక గట్టు మీద నిలబడితే కిటికీలోంచి సార్ గొంతు వినబడింది. ఏడుగురి పేర్లు పిలిచారు, ఏడుగురూ పలికారు. నేను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. అయిపోయిందనుకున్నాను. తర్వాత ఇంకేదో పుస్తకం తెరిచిన చప్పుడైంది. ఆయన మళ్ళీ పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఈసారి ఒక్కో పేరుకూ ఆ ఏడుగురూ కలిసి, ఎక్కాలు అప్పజెప్పే రాగంలో, “రాలేదు సార్” అంటున్నారు.

పదకొండో పేరు నాది. ఇంటిపేరుతో సహా.

“రాలేదు సార్.”

పేరు పిలిచాక ఆయన తల ఎత్తి కిటికీ వైపు చూస్తారని నాకు తెలుసు. గోడ పక్కకు జరిగాను. రోడ్డు మీద శ్రీను హారను కొట్టాడు.

“ఏందిరా, కాలువ నింపుతున్నవా? ఎంతసేపు!”

వచ్చేసి బండెక్కాను. లెక్క వేయడం నాకు అలవాటు. రోజుకు రెండుసార్లు, ఏడాదికి ఇన్ని పనిదినాలు, ఇన్నేళ్ళు. ఆ రాత్రి హాస్టల్లో ఆ గుణకారం చేసి, వచ్చిన సంఖ్య చూసి, కాగితం చించేశాను. మధ్యలో మూడేళ్ళు ఆయన్ని నేరేడుచర్ల వైపు ఒక బడికి బదిలీ చేస్తే ఆ పుస్తకాన్ని కూడా వెంట పట్టుకుపోయారని తర్వాత తెలిసింది. అక్కడి పిల్లలు ఎన్నడూ చూడని మాకోసం మూడేళ్ళు “రాలేదు సార్” అన్నారు. బదిలీల్లో క్యాంపు బడిని ఎవరూ కోరుకోరు కాబట్టి తిరిగి రావడానికి ఆయనకు కష్టం కాలేదట.

ఆయన్ని నేను ముఖాముఖి కలిసింది ఆ తర్వాత ఒకే ఒక్కసారి. ఐదేళ్ళ కింద, సూర్యాపేట బస్టాండు పక్కన జిరాక్సు షాపులో. నేను డిప్లొమా అయిపోయి ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు చూస్తున్నాను. డ్రాయింగులు ప్రింటు తీయించడానికి పోతే, కౌంటరు ముందు కుడిచేతి గడియారం కనబడింది. వెనక్కి తిరిగి పోవచ్చు. అంతలో ఆయనే చూశారు. పద్నాలుగేళ్ళు గడిచినా నన్ను పేరు పెట్టి పిలిచారు, ఇంటిపేరుతో సహా. “ఉన్న సార్” అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఆయన చేతిలో ఉన్న ఫారం చూపించారు. తక్కువ మంది పిల్లలున్న బళ్ళన్నీ తమ చరిత్రా, సాధించిన విజయాలూ ఒక పేజీలో రాసి పంపాలట. దాన్ని చూసి ఏ బడి ఉంచాలో, ఏది కలిపేయాలో పైవాళ్ళు ఆలోచిస్తారట.

“నువ్వు ఇంజనీరువు గదా. జర కంప్యూటర్ మీద నువ్వే కొట్టు. ఈ తమ్ముడు నా దస్తూరి సదువలేకపోతుండు.”

షాపులో ఉన్న కుర్రాడు లేచి నాకు కుర్చీ ఇచ్చాడు. “దస్తూరి మంచిగనే ఉంది అన్నా, సార్ చెప్పేటియే అర్థమైతలేవు,” అన్నాడు.

చరిత్ర మూడు వాక్యాల్లో అయిపోయింది. కాలువ తవ్వేటప్పుడు సిమెంటు బస్తాలు దాచిన రేకుల షెడ్డులో, కూలీల పిల్లలు కాలువ దగ్గరికి పోకుండా కూర్చోబెట్టడానికి ఒక మేస్త్రీ భార్య మొదలుపెట్టిన బడి ఇది. తర్వాత ప్రభుత్వం తీసుకుంది. షెడ్డు పోయి రెండు గదులు వచ్చాయి.

“ఇగ విజయాలు రాయి. ఒకటి. ఈ బడి మొదలైనకాడి నుంచి ఇయ్యాల్టి దాక ఒక్క పిల్ల కూడా కాలువల పడలే.”

కొట్టాను.

“రెండు. మిరప కోతకు పోయి వచ్చిన పిల్లలందరికి వాళ్ళ జాగ వాళ్ళకు దొరికింది. మూడు. ఐదో తరగతి దాటిన ప్రతి పిల్ల తన ఇల్లు ఏడుందో దారి రాసి చూపిస్తది. నాలుగు. బడికి సెలవు కాని రోజు తాళం పడలే.”

కుర్రాడు వెనక నుంచి తొంగిచూశాడు. “గిట్ల కాదు సార్. ఈ బడిల సదివి డాక్టర్లు, ఇంజనీర్లు అయినోళ్ళు ఉంటరు గదా, అవి రాయుండ్రి. గప్పుడు బడి ఉంచుతరు. ఈ అన్న మీ స్టూడెంటే గదా, అన్న పేరు కొట్టుండ్రి.”

సార్ నా వైపు చూశారు. “ఈయన పేరు రాయరాదు. బడి దాటినోళ్ళ పేర్లు రాయమన్నరు. ఈయన ఇంక బడిల్నే ఉన్నడు.”

కుర్రాడు పెద్దగా నవ్వాడు. “ఏ క్లాసు అన్నా?”

“నాలుగు,” అన్నారు సార్, ఆయనేమీ నవ్వకుండా. “ఇగ ఐదు రాయి. ఇంక ఇరవై ఐదుమంది రావాల్సి ఉంది.”

“అది విజయం కాదు కదా సార్,” అన్నాను.

“మరేంది?”

“పెండింగ్.”

“నిజమే. పెండింగ్ అని కింద వేరే రాయి.”

రాసి, ప్రింటు తీసి ఇచ్చాను. బయటికి వచ్చాక బస్సు కోసం నిలబడ్డప్పుడు నా నంబరు అడిగి తీసుకున్నారు, తన నంబరు ఇచ్చారు. “ఒకపాలి బడికి రా. చిన్న పనుంది.”

“ఏం పని సార్?”

“ఒక గీత. అర నిమిషం పట్టదు.”

“ఆదివారం వస్త సార్.”

“ఆదివారం బడేడుంటది? సోమవారం రా.”

“సరే సార్.”

కోదాడ బస్సు వచ్చింది. ఆయన మెట్టు మీద కాలు పెట్టి ఆగి, నా వైపు తిరిగి, “పోతున్న. చెప్తున్న,” అన్నారు. వెనక నుంచి జనం తోస్తున్నా నేను తల ఊపేదాకా ఆయన పైకి ఎక్కలేదు.

ఆ సోమవారం నేను పోలేదు. సైటులో స్లాబు పడింది. తర్వాతి సోమవారం కూడా పోలేదు, కారణం గుర్తులేదు. మూడో సోమవారం నుంచి కారణం అవసరం లేకపోయింది. ఆయన ఒక్కసారి కూడా ఫోను చేసి గుర్తు చేయలేదు. పిల్లే రావాలి కదా.

మేనల్లుడితో మాట్లాడిన మర్నాడు కోదాడ పెద్దబడికి పోయాను. క్యాంపు బడిలో చివరికి ముగ్గురే మిగిలితే, సార్ రిటైరయిన ఏడాదే దాన్ని ఈ బడిలో కలిపేశారు. హెడ్‌మాస్టర్ మేడం నా కాగితాలు చూసి, బీరువాలోంచి పాత రిజిస్టరు తీయించారు. నా పేరున్న పేజీ తిప్పి, వేలు పెట్టి అడ్డంగా జరుపుకుంటూ పోయి ఆగారు.

“నువ్వు బడి ఇడిసిన తేదీ లేదు బాబూ. టీసీ నంబరు లేదు. పేరు మీద గీత లేదు. రికార్డు ప్రకారం నువ్వింక నాలుగో తరగతిల ఉన్నవ్. నేను బోనఫైడ్ ఏమని రాయాలె?”

“గీత నేను కొట్టాలి మేడం. అప్పుడు కొట్టలేదు.”

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూశారు. “ఓ, ఆ పేర్లల్ల ఒకనివా నువ్వు! చార్జి ఇచ్చిన రోజు మీ సార్ నన్ను పరేషాన్ చేసిండు. సామాన్ల లిస్టుల ఏం రాసిండో తెలుసా? బీరువ ఒకటి, కుర్చీలు రెండు, స్కేలు ఒకటి, ఎర్రపెన్ను ఒకటి, చీటీ ఒకటి. చీటీకి గూడ నా సంతకం తీసుకున్నడు.”

చీటీ రిజిస్టరు అట్టలోనే ఉంది. ‘గీత పడని పేర్లు ఇరవై మూడు. వీటి మీద ఎవరూ గీత కొట్టవద్దు. వాళ్ళే వచ్చి కొట్టుకుంటారు.’ ఇరవై ఐదు ఇరవై మూడు అయ్యాయి. ఆయన రిటైరయ్యేలోపు ఇద్దరు వచ్చారన్నమాట. సోమవారం పోగలిగినవాళ్ళు ఇద్దరున్నారు.

హాజరు పట్టీలు చూసి నేను చివరిసారి వచ్చిన శనివారం ఏదో మేడం తేలుస్తుండగా, టీ పట్టుకుని ఒకామె వచ్చింది. క్యాంపు బడిలో మాకు అన్నం వండిన వంటక్క. బడిని కలిపినప్పుడు ఆమెనూ ఇక్కడికే పంపారట. నన్ను పరీక్షగా చూసింది.

“ఫిట్టరు గారి అబ్బాయివి కదూ నువ్వు? ఎంత పొడుగయ్యావు నాయనా! మీ సారు నీ కోసం గట్టెమ్మట కాలవ నీళ్ళొదిలే షట్టరు దాకా నడిచాడు, తెలుసా నీకు?”

“ఎప్పుడక్కా?”

“మీరు ఇల్లు ఖాళీ చేసిన మర్నాడు. నీ పేరు పిలిచాడు, పలకలేదు. ఎటు పోయిండంటే, నిన్న కాలవ మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు సార్ అని పిల్లలు చెప్పారు. మీ ఇంటికి పంపిస్తే తాళం ఉందన్నారు. అంతే, మనిషి ముఖం మారిపోయింది. ‘అక్కా, పిల్లల్ని జర చూడు, నేను గట్టు మీదికి పోయొస్త, చెప్తున్న’ అని పోయాడు. నేను అన్నం వండాను, పిల్లలు తిన్నారు, కంచాలు కడుక్కున్నారు, ఆయన రాలేదు. మూడింటికి వచ్చాడు. చెప్పు తెగిపోయి చేతిలో ఉంది. మిల్లు లారీలో సామానేసుకుని ఫిట్టరు వాళ్ళు పోయారని షట్టరు కాడ కాపలా ఉండే లస్కరు చెప్పాడంట.”

“ఏమన్నారు?”

“ఏమంటాడు? చెంబెడు నీళ్ళు తాగాడు. ‘ఉన్నడు అక్కా, బతికే ఉన్నడు’ అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి హాజరు తీశాడు. నీ పేరు కూడా పిలిచాడు.”

ఇది జరిగిన పద్నాలుగేళ్ళకు జిరాక్సు షాపులో ఆయన నా పక్కనే గంటసేపు నిలబడ్డారు. మొదటి విజయం నాతోనే కొట్టించారు. ఈ సంగతి చెప్పలేదు.

మేడం స్కేలూ ఎర్రపెన్నూ నా ముందు పెట్టారు. గీతలు గీయడం నా చదువు, నా పని. స్కేలును పేరు కింద సమంగా ఆనించి పట్టుకుని, ఎడమ నుంచి కుడికి ఒకే ఊపులో గీశాను. కాలిన చోటికి రాగానే గీత కొంచెం కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది, అందరి గీతల్లాగే. విడిచిన తేదీ మేడం రాశారు. టీసీ నంబరు వేశారు. పెన్సిలుతో చీల్చిన గడి దగ్గర ఆమె చేయి ఆగింది. పైనా కిందా ఉన్న గళ్ళలో అంతా ‘నాకు’, ‘నాకు’, ‘నాకు’.

“ఇది మన ఫార్మాటుల లేదు,” అన్నారు. మళ్ళీ నా ముఖం చూసి, “నాకు చెప్పినవు గదా, ‘నాకు’ అని నేను రాయాల్నా?”

“వద్దు మేడం. ఉండనివ్వండి.”

బోనఫైడ్ తీసుకుని బయటికి వచ్చాను. నోటుబుక్కులో తొమ్మిదో టిక్కు పెట్టాను. సూర్యాపేట బస్సు ఎక్కలేదు. నడిగూడెం వైపు పోయే షేరాటో ఎక్కి క్యాంపు దగ్గర దిగాను. బడికి తాళం ఉంది. ఆ రోజు సెలవు కాదు.

గట్టు ఎక్కి షట్టరు వైపు నడిచాను. కాలువ నిండుగా ఉంది, చప్పుడు లేదు. ఫోనులో దూరం పెట్టుకున్నాను. పోవడానికి నాలుగు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. నీడ ఎక్కడా లేదు. నడిచినంతసేపూ నా కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయని షట్టరు దగ్గరున్న లస్కరు అడిగేదాకా నేను గమనించలేదు. ఆయన కొత్తవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటాడు.

“ఎవల్ని దేవులాడుతున్నవ్ తమ్మీ? ఎవలన్న పడ్డరా?”

“లేదన్నా. ఎవరూ పడలేదు.”

ఆయన నమ్మలేదేమో, నా పక్కకు వచ్చి తనూ కాసేపు నీళ్ళలోకి చూశాడు. షట్టరు కింద నురగ తిరుగుతోంది. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఎండ తగ్గుతుండగా లేచాను. పది అడుగులు వేశాక ఆగి వెనక్కి తిరిగాను.

“అన్నా, నేను పోతున్న. చెప్తున్న.”

ఆయన ఒక్క క్షణం నా వైపు వింతగా చూశాడు. తర్వాత చేయి ఎత్తాడు.

“మంచిది తమ్మీ. పో.”